వరద ‘రెడ్యూస్’ అవదు

చి. తమ్ముడికి,

గోదావరి వరద మీద నువ్వు ఇంగ్లీషులో రాసిన వ్యాసం శ్రద్ధగా చదివాను. విషయం బాగా సేకరించావు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరడం, 43, 48, 53 అడుగుల దగ్గర ఇచ్చే మూడు ప్రమాద హెచ్చరికలు, 1986 నాటి 75.6 అడుగుల రికార్డు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. నీళ్లు పెరిగినంతసేపూ నీ వాక్యాలు కూడా ఉరకలు వేశాయి. తగ్గడం మొదలయ్యాకే చిక్కొచ్చింది. వాన, వరద, భయం, శిబిరాల్లో బియ్యం, అన్నిటికీ ‘డిక్రీజ్’, ‘రెడ్యూస్’ తప్ప మరో క్రియ దొరకలేదు నీకు.

ముందు రెడ్యూస్ సంగతి. అది ఎక్కువగా కర్మను కోరే క్రియ. ప్రభుత్వం పన్నును రెడ్యూస్ చేస్తుంది, డ్రైవరు స్పీడును రెడ్యూస్ చేస్తాడు. ‘ది ఫ్లడ్ రెడ్యూస్డ్’ అని ఆపేస్తే, దేన్ని తగ్గించిందీ అని చదివేవాడు ఎదురుచూస్తాడు. ‘పెయిన్ రెడ్యూస్ అయింది’ అని మనం రోజూ అంటాం కాబట్టి చేతికి అదే వచ్చేస్తుంది. పొయ్యి మీద పులుసు ఇగిరి చిక్కబడితే మాత్రం ఇంగ్లీషువాళ్లూ రెడ్యూస్ అయిందనే అంటారు.

తెలుగులో నువ్వు ఇలా తడబడవు. వాన తెరిపినిస్తుంది, వరద తీస్తుంది, బావి అడుగంటుతుంది, కోపం చల్లారుతుంది, ఆశ సన్నగిల్లుతుంది. ‘కోపం అడుగంటింది’ అని పొరపాటున కూడా రాయవు. ఇంగ్లీషులోనూ అంతే, తగ్గుతున్నది ఏమిటో చూసి క్రియను ఎంచుకోవాలి.

వాన, గాలి, తుఫాను జోరు తగ్గితే అబేట్. అది కాస్త పుస్తకాల మాట, మామూలు రిపోర్టుకి ఈజ్ (ease) చాలు. పొలాల్లోకి వచ్చిన నీళ్లు వెనక్కి పోయి గట్లు బయటపడుతుంటే రిసీడ్. వెనక్కి జరగడం ఆ మాటలోనే ఉంది, అందుకే నుదుటి మీద జుట్టు పలచబడి పైకి పోవడానికీ అదే వాడతారు. పొంగినది కిందికి దిగి కుదుటపడితే సబ్‌సైడ్: వరద, వాపు, గోల, భయం. లాటిన్ మూలంలో దానికి అడుక్కి దిగడం అని అర్థం. 2023 జనవరిలో జోషీమఠ్‌లో ఇళ్లు బీటలు వారినప్పుడు నేల కుంగుబాటుకి పత్రికలు వాడిన సబ్‌సిడెన్స్ దీన్నుంచి వచ్చిందే.

శిబిరంలో బియ్యం బస్తాలు రోజురోజుకీ తరిగిపోతుంటే డ్విండిల్. ఇక అయిపోవస్తోందన్న దిగులు అందులో వినిపిస్తుంది. కాబట్టి జూలై గోదావరికి అది నప్పదు. అదే గోదావరి మే నెలలో ఇసుక మేటల మధ్య సన్నటి పాయగా మిగిలినప్పుడు ‘డ్విండిల్డ్ టు ఎ ట్రికిల్’ అని నిక్షేపంగా రాయి.

వేన్ (wane) చంద్రుడి మాట, కృష్ణపక్షానిది. ఎబ్ సముద్రంలో పోటు తీయడానిది. పలుకుబడికి, ఉత్సాహానికి, ప్రజాదరణకి బాగా కుదురుతాయి. వేన్‌కి కర్మ పెట్టకు. ఒక నాయకుడి పలుకుబడిని ఎవరూ వేన్ చెయ్యలేరు, అదంతట అదే వేన్ అవ్వాలి.

అంకెలు వచ్చినచోట ఇంకా జాగ్రత్త. ‘ఇన్‌ఫ్లేషన్ ఈజ్డ్’ అని కనబడగానే ధరలు తగ్గాయని రాసేస్తుంటారు. తగ్గింది ధరలు పెరిగే వేగం. కందిపప్పు ఇంకా పెరుగుతూనే ఉండొచ్చు. టేపర్‌లో మరింత తిరకాసు ఉంది. స్టెరాయిడ్ మాత్రలు ఒక్కసారిగా ఆపకుండా డోసు మెల్లమెల్లగా తగ్గించడాన్ని డాక్టర్లు టేపర్ అంటారు. 2013లో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వు నెలకు 8,500 కోట్ల డాలర్ల బాండ్లు కొంటూ ఉండేది. ఆ కొనుగోళ్లు తగ్గించవచ్చని మే 22న దాని అప్పటి అధిపతి బెర్నాంకీ అన్నారో లేదో మార్కెట్లు బెంబేలెత్తాయి. ఆగస్టు 28కి రూపాయి డాలరుకు 68 దాటింది. అక్కడ టేపర్ అంటే చేతిలో ఉన్న బాండ్లు అమ్మేయడం కాదు, కొత్తవి కొనే జోరు తగ్గించడం. ఈ తేడా పట్టుకోకపోతే వార్త మొత్తం తలకిందులవుతుంది.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది మరొకటి ఉంది. డ్విండిల్, వేన్, ష్రింక్, డిక్లైన్, ఇవన్నీ తమంతట తామే జరిగినట్టు వినిపిస్తాయి. చేసినవాడు వాక్యంలో కనిపించడు. మన రాబందులు ‘డ్విండిల్’ అయ్యాయని రాసి చూడు, ఎంత మెత్తగా ఉంటుందో! 1990ల నుంచి కొద్ది ఏళ్లలోనే కొన్ని జాతులు నూటికి తొంభైకి పైగా పోయాయి. పశువులకు ఇచ్చిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు కళేబరాల ద్వారా వాటి ఒంట్లోకి చేరి మూత్రపిండాలను దెబ్బతీసింది. 2006లో మన దేశం పశువైద్యంలో ఆ మందును నిషేధించింది. అంత వేగంగా, తెలిసిన కారణంతో జరిగిన నాశనానికి నెమ్మదైన క్రియ వేస్తే చదివేవాడిని మోసం చేసినట్టే. అక్కడ ‘కొలాప్స్’ రాయాలి, ఆ వెంటనే డైక్లోఫెనాక్ పేరూ రాయాలి.

నీ తర్వాతి వ్యాసం హైదరాబాద్ చెరువుల మీద అన్నావు. ‘ది లేక్ ష్రాంక్’ అని రాసేముందు శిఖం భూముల (చెరువు నీళ్లు నిలిచే భూముల) రికార్డులు, పాత మ్యాపులు తీసి చూడు. ఎన్ని ఎకరాలు, ఏ ఏడు, ఎవరు పూడ్చారన్నది దొరికితే కర్తను పెట్టి వాక్యం రాయి. ఎంత వెతికినా దొరక్కపోతేనే ష్రాంక్. డ్రాఫ్టు అయ్యాక ఆలస్యం చెయ్యకుండా పంపు.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య