గుణుపురం బడికి వెళ్తున్న బాబుకి

చిరంజీవి బాబుకి పెద్దమ్మ ఆశీస్సులు.

ఒడిశాలోని గుణుపురంలో హాస్టల్ ఉన్న బడికి మాస్టారుగా వెళ్తున్నావని, పిల్లల తగువులు చూసే పని కూడా నీకే అప్పగించారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. రాత్రి నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం భయం.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. ఇంటర్వెల్‌లో స్టాఫ్ రూమ్‌లో కూర్చోకు, బాత్‌రూమ్‌ల వెనక్కి, బోరింగ్ దగ్గరికి వెళ్లి తిరుగు. ఆపదలో ఉన్న పిల్లలు సాయం అడిగే చైల్డ్‌లైన్ 1098 నంబరు గోడ మీద పెద్దగా రాయించు. బెత్తం ముట్టుకోకు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మనసు నొప్పించి వేధించడాన్నీ నిషేధించింది.

ఆ చట్టం రాకముందు నేను చేసిన తప్పు చెప్తాను, విను.

పర్లాకిమిడిలో నాకు ఉద్యోగం వచ్చిన మూడో ఏడు. ఏడో తరగతిలో కొండ మీది ఊరి నుంచి ఒక సవర తెగ పిల్లాడు చేరాడు. తెలుగు అంతంత మాత్రం, ఒడియా అసలే రాదు. వాడు నోరు తెరిస్తే చాలు, వెనక బెంచీవాళ్లు అలాగే పలికి నవ్వేవారు. నాకు వినబడేది. పిల్లలు కదా, నవ్వుకుంటారులే అని ఊరుకున్నాను. కొన్నాళ్లకి హాజరు పిలిచినా వాడు లేచి నిలబడేవాడు గానీ పలికేవాడు కాదు. బుద్ధిమంతుడయ్యాడనుకున్నాను! ఒకరోజు కంపాస్ బాక్సులోని వృత్తలేఖిని ముల్లు పక్కవాడి చేతిలో దించేశాడు. రక్తం చూసేసరికి నాకు ఒళ్లు తెలియలేదు. ఏమైందని అడక్కుండా అందరి ముందూ కొట్టాను. వాడు ఏడవలేదు. వాళ్ల సవర భాషలో ఏదో అన్నాడు. అక్కడ ఎవరికీ అర్థం కాలేదు. ఏమన్నావురా అని నేనూ అడగలేదు. మర్నాటి నుంచి వాడు బడికి రాలేదు.

గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలోనే పంతులుగా ఉంటూ సవర నేర్చుకుని, ఆ పిల్లలకి పుస్తకాలు రాశారు. అదే ఊళ్లో పాఠాలు చెప్పిన నాకు నాలుగు సవర ముక్కలు రాలేదు.

అందుకే చెప్తున్నాను, గోల చేసేవాడి కన్నా ఉన్నట్టుండి మాట మానేసినవాణ్ణి ముందు చూడు. కొట్లాటయ్యాక ఇద్దర్నీ విడదీసి మంచినీళ్లివ్వు. కోపం దిగాక "దీనికి ముందేం జరిగింది?" అని అడుగు. చుట్టూ నిలబడి చూసినవాళ్లనీ అడుగు. అందరి ముందూ చేతులు కలిపించి రాజీ అయిందనుకోకు, ఆ పగ రాత్రికి హాస్టల్లో బయటపడుతుంది. ఎవడైనా చంపుతానన్నా, చస్తానన్నా ఉత్త మాటలే అనుకోకు. ఒంటరిగా వదలకు, హెడ్మాస్టారికీ ఇంట్లోవాళ్లకీ వెంటనే చెప్పు. మానసిక సమస్యలకి సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి సలహా అడుగు.

నీకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అదే నా టెన్షన్. కానీ నువ్వూ ఆరో తరగతిలో చిరిగిన చొక్కాతో వచ్చి మూడు రోజులు నోరు విప్పలేదు, గుర్తుందా? ఎదురుగా కూర్చోబెట్టి ఎంతమంది అడిగినా చెప్పలేదు. ఆదివారం నేను వెనక కూర్చుని తలంటుతుంటే, నా మొహం చూడకుండా మొత్తం చెప్పేశావు నాయనా. నీ పిల్లల్నీ అలాగే, మొక్కలకి నీళ్లు పోస్తూనో, పుస్తకాలు సర్దుతూనో అడుగు.

చేరిన వారంలోగా "ఏమైంది నాన్నా" అని సవరలో ఎలా అడుగుతారో కనుక్కుని నాకు ఫోన్ చెయ్యి. నేనూ నేర్చుకుంటాను.

మీ పెద్దమ్మ