కొలంబో పార్టీకి 90 రోజుల అరువు ఇవ్వచ్చా?

ప్రశ్న: గుంటూరులో మాది ఎండుమిర్చి వ్యాపారం. మా వారు పోయాక మా మరిది, నేను కలిసి చూసుకుంటున్నాం. కొలంబోలో ఉన్న పాత పార్టీ ఒకరు 60 టన్నుల 334 రకం కావాలంటున్నారు. కిలో 150 లెక్కన చూసినా 90 లక్షల సరుకు. దాని మీద కిలోకు మరో 6 రూపాయలు కలిపి ఇస్తారట, కానీ 90 రోజుల అరువు కావాలట. 2022లో ఇదే పార్టీకి పంపిన సరుకు డబ్బు 11 నెలలకు గానీ రాలేదు. మా చేతిలో 50 లక్షలున్నాయి. మిగతా 40 లక్షలకు ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకులో ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు) తెద్దామని మరిది అంటున్నాడు. "లంక కోలుకుంది వదినా, పేపర్లలో చూడటం లేదా" అంటాడు. నిజంగా కోలుకుందా? మేం ఈ బేరం చేసుకోవచ్చా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: బేరం చేసుకోండి. ఆ షరతుల మీద మాత్రం వద్దు. ఇంటి కాగితాలు బీరువాలోనే ఉండనివ్వండి.

మీ మరిది చదివిన వార్తలు తప్పు కాదు. అయితే ఒక దేశం కోలుకోవడం వేరు, మీ బిల్లు గడువు రోజున అక్కడి బ్యాంకు డాలర్లు పంపగలగడం వేరు. మీకు కావాల్సింది రెండోది. 2022లో మీ డబ్బు ఎందుకు ఆగిందో ఒకసారి గుర్తు చేసుకుంటే ఈ తేడా తెలుస్తుంది. అప్పుడు మీ పార్టీ దగ్గర లంక రూపాయలు ఉండే ఉంటాయి, డాలర్లే ఆ దేశంలో లేవు. ఆ ఏడాది మార్చి మొదటి దాకా డాలరును 200 రూపాయల దగ్గర బలవంతంగా పట్టి ఉంచారు. వదిలేసిన రెండు నెలల్లో అది 360 దాకా పోయింది. ఏప్రిల్ 12న విదేశీ అప్పులు కట్టలేమని ప్రభుత్వమే ప్రకటించింది. మే నెలకు ఖజానాలో వాడుకోవడానికి వీలైన డాలర్లు 5 కోట్లు కూడా లేవని వాళ్ల ఆర్థిక మంత్రే చెప్పారు. కొలంబో రేవులో వెయ్యికి పైగా ఆహార కంటైనర్లు విడిపించుకునే దారి లేక పడి ఉన్నాయి. లంక నుంచి డబ్బు రాక మన ఎగుమతిదారులు ఇబ్బంది పడుతున్నారని, ఏషియన్ క్లియరింగ్ యూనియన్ (ఈ ప్రాంత దేశాల కేంద్ర బ్యాంకులు తమ మధ్య చెల్లింపులు సర్దుకునే ఏర్పాటు) పద్ధతి బయట కూడా చెల్లింపులు తీసుకోవచ్చని ఆర్‌బీఐ ఆ జులైలో సర్క్యులర్ ఇవ్వాల్సి వచ్చింది. అలాంటి రోజుల్లో, ఆలస్యంగానైనా, పూర్తిగా కట్టిన పార్టీ అంటే మనిషి మీద నాకు మంచి అభిప్రాయమే ఉంది. నా లెక్కంతా దేశం గురించి.

ఇక పేపర్లలో వచ్చే అయిదు శాతం వృద్ధి. 2022లో లంక ఆర్థిక వ్యవస్థ 7.3 శాతం కుంగింది, 2023లో మరో 2.3 శాతం. 2024లో 5 శాతం పెరిగింది. 2021లో ఉన్నది 100 అనుకుని లెక్క వేయండి. 2023 చివరికి 90.6కు దిగింది, 2024లో 95 దాకా లేచింది. దాని మీద మరో అయిదు శాతం వేసుకున్నా అటూఇటూగా మళ్లీ వందే. పడిన చోటి నుంచి లేచారు, సంతోషమే. కానీ నాలుగేళ్లు గడిచాక మొదట ఉన్న మెట్టు మీదే నిలబడ్డారు. ఈలోగా చుట్టుపక్కల దేశాలు ముందుకు పోయాయి. ఈ ముక్క ఆ శాతం అంకెలో కనపడదు.

ధరల సంగతీ ఇంతే. 2022 సెప్టెంబరులో ద్రవ్యోల్బణం 69.8 శాతం, ఆహారానికైతే దాదాపు 95. సరిగ్గా ఏడాదికి అది 1.3 శాతానికి దిగింది, 2024 చివర్లో సున్నా కంటే కిందికీ వెళ్లింది. ద్రవ్యోల్బణం తగ్గిందంటే ధరలు వెనక్కి వచ్చాయని చాలామంది అనుకుంటారు. రాలేదు. ఎక్కిన చోటే కూర్చున్నాయి, ఇంకా ఎక్కడం ఆపాయి, అంతే. పైగా 2019 చివర్లో ఎన్నికల హామీ కింద 15 నుంచి 8 శాతానికి దించిన వ్యాట్‌ను మళ్లీ 15 చేశారు, 2024 జనవరిలో 18 చేశారు. (ఆ పన్ను తగ్గింపు కూడా ఈ ముప్పు తెచ్చిన వాటిలో ఒకటి. మన దగ్గర ఎన్నికల ముందు ఉచితాల లెక్కలు చూసినప్పుడల్లా నాకు లంకే గుర్తొస్తుంది.) ప్రపంచ బ్యాంకు అంచనాల ప్రకారం పేదరికంలో ఉన్నవాళ్లు 2019లో జనాభాలో 11 శాతం చిల్లర, 2024లో పావు వంతుకు దగ్గర. అంటే మీ ఎండుమిర్చి తినే ఇళ్ల జేబులు ఇంకా నిండలేదు. కొబ్బరి, మిర్చి దంచి చేసే పొల్ సంబోల్ లేకుండా వాళ్లకు గడవదు కాబట్టి గిరాకీ ఉంటుంది. కానీ తక్కువ రకం అడుగుతారు, కొంచెం కొంచెంగా కొంటారు, చిల్లర వర్తకులు మీ పార్టీ దగ్గర అరువు పెడతారు. ఆయన మిమ్మల్ని 90 రోజులు అడగడానికి కారణం ఇదే అయి ఉండొచ్చు. అడిగి చూడండి, చెప్పడానికి మొహమాటపడకపోవచ్చు.

అసలు విషయం డాలర్లు. ఇక్కడ మార్పు నిజంగానే ఉంది. 2024 చివరికి నిల్వలు 600 కోట్ల డాలర్లు దాటాయి. గల్ఫ్‌లోనూ మరోచోటా పనిచేసే లంక వాళ్లు ఆ ఏడాది ఇంటికి పంపింది 650 కోట్ల డాలర్ల పైమాట. పర్యాటకులు 20 లక్షలు దాటారు, వాళ్ల వల్ల 300 కోట్లకు పైగా వచ్చింది. వచ్చినవాళ్లలో మనవాళ్లే ఎక్కువ. 2025లో డాలరు 300 లంక రూపాయల చుట్టూ నిలకడగా తిరిగింది. 2020 నుంచి ఆపేసిన కార్ల దిగుమతికి 2025 ఫిబ్రవరిలో మళ్లీ అనుమతిచ్చారు. డాలర్లకు కటకట ఉన్న దేశం ఆ పని చేయదు. ఈ 90 రోజుల్లో మీ సరుకు డబ్బు 2022లో లాగా ఆగిపోతుందా అని అడిగితే, ఆ అవకాశం తక్కువనే చెబుతాను.

అయినా ఆ నిల్వలను పూర్తిగా మిగులు కింద చూడకూడదు. అందులో చైనా కేంద్ర బ్యాంకుతో చేసుకున్న స్వాప్ (కరెన్సీల మార్పిడి ఒప్పందం) ఒకటి ఉంది, వంద కోట్ల డాలర్లకు మించినది. దాన్ని ఇష్టం వచ్చినట్టు వాడుకోవడానికి వీల్లేదు. అంతకంటే ముఖ్యం, లంక ఇంతకాలం పాత అప్పులు చాలావరకు కట్టలేదు. ఈఎంఐలు వాయిదా వేయించుకున్న ఇంట్లో బ్యాంకు బ్యాలెన్సు పెరిగినట్టుంటుంది ఇది. 2024 జూన్‌లో భారత్, జపాన్ వగైరా దేశాలతో 580 కోట్ల డాలర్ల మీద ఒప్పందం కుదిరింది. డిసెంబరులో 1,255 కోట్ల డాలర్ల బాండ్లు పాతవి ఇచ్చి కొత్తవి తీసుకునే పని ముగిసింది. గడువులు జరిగాయి, వడ్డీ తగ్గింది, అసలులో కొంత కోత పడింది. దేశాలకు కట్టాల్సిన అసలు 2028 నుంచి మొదలవుతుంది. 2023 మార్చిలో ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) మంజూరు చేసిన 300 కోట్ల డాలర్ల సాయానికి గడువు నాలుగేళ్లు, అది అయిపోయాక పెద్దగా ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉండదు. లంక ఐఎంఎఫ్ గడప తొక్కడం ఇది 17వ సారి. 16 సార్లు కోలుకున్నారనీ అనొచ్చు, 16 సార్లూ సరిగ్గా కోలుకోలేదనీ అనొచ్చు. నేనైతే రెండోదే అంటాను. మధ్యలో 2025 నవంబరు చివర దిత్వా తుపాను 600 మందికి పైగా ప్రాణాలు తీసి, కొండ జిల్లాల్లో రోడ్లు, ఇళ్లు, పంటలు ఊడ్చుకుపోయింది. ఐఎంఎఫ్ అత్యవసరంగా మరో 20 కోట్ల డాలర్లు ఇవ్వాల్సి వచ్చింది. అప్పుడే కుదుటపడుతున్న ఇంటి మీద ఇంత ఖర్చు పడితే లెక్కలన్నీ కొంచెం వెనక్కి జరుగుతాయి.

ఇంకో సంగతి, పేపర్లలో అంతగా రానిది. ఈ కోలుకోవడానికి అయిన ఖర్చులో పెద్ద వాటా అక్కడి ఉద్యోగుల ప్రావిడెంట్ ఫండ్ మీద పడింది. 2023లో ప్రభుత్వం స్థానిక అప్పును సర్దుబాటు చేసినప్పుడు ఈపీఎఫ్ దగ్గరున్న బాండ్లు తీసుకుని, ఎక్కువ గడువున్నవి ఇచ్చింది. వడ్డీ మొదట కొంతకాలం 12 శాతం, ఆ తర్వాత 9. ఒప్పుకోకపోతే ఫండ్ ఆదాయం మీద పన్ను 14 నుంచి 30 శాతం చేస్తామన్నారు. ఇక ఒప్పుకోక ఏం చేస్తారు! ద్రవ్యోల్బణం 70 శాతానికి పోయిన కాలంలో ఆ ఫండ్‌లో ఉన్న గార్మెంటు కూలీల డబ్బు విలువ ఎంత కరిగిందో మీరే ఊహించండి. బ్యాంకుల చేతిలోని బాండ్ల జోలికి మాత్రం పోలేదు, పోతే బ్యాంకులు కూలతాయని. అది న్యాయమా అంటే నాకు మింగుడుపడదు. కానీ మీకు పనికొచ్చే మాట ఇందులోనే ఉంది: కొలంబోలోని పెద్ద బ్యాంకులు నిలబడ్డాయి, ఎల్‌సీలు తెరుస్తున్నాయి (ఎల్‌సీ అంటే కొన్నవారి తరఫున డబ్బు కడతానని వారి బ్యాంకు ఇచ్చే హామీ పత్రం). కాబట్టి మీ పార్టీ మాట మీదో, పాత పరిచయం మీదో ఆధారపడే అవసరం మీకు లేదు, ఆయన బ్యాంకు మాట అడగొచ్చు.

ఇప్పుడు మీ లెక్క. కిలోకు 6 రూపాయలంటే 60 టన్నులకు 3 లక్షల 60 వేలు. ఓడీ వడ్డీ 11 శాతం అనుకుందాం, 40 లక్షలకు 90 రోజులకు సుమారు లక్షా 8 వేలు. మీ 50 లక్షలు బ్యాంకులో ఉంటే 7 శాతం లెక్కన వచ్చేది 86 వేలు. రెండూ తీసేస్తే మీకు మిగిలేది లక్షా 65 వేలు. డబ్బు మళ్లీ 11 నెలలకు వస్తే? ఓడీ వడ్డీ 4 లక్షలు దాటుతుంది, మీ సొంత డబ్బు మీద పోయేది 3 లక్షల 20 వేలు. ఆ 3.6 లక్షలు అందులో పోను, ఎదురు 3 లక్షల 60 వేల దాకా చేతి నుంచి పడుతుంది. అసలే రాకపోతే బ్యాంకు కొలంబో వెళ్లదు, మీ ఇంటికి వస్తుంది. లక్షన్నర చిల్లర లాభం కోసం ఇల్లు పందెంలో పెట్టే బేరం ఇది. మీ మరిది ముందు ఈ పేరా చదవండి, నా పేరు చెప్పినా ఫరవాలేదు.

మీరు కొలంబోకు ఇలా చెప్పి చూడండి. మూడు విడతలు, విడతకు 20 టన్నులు. మొదటి దాని డబ్బు ఖాతాలో పడ్డాకే రెండోది ఓడ ఎక్కుతుంది. 30 శాతం అడ్వాన్సు, మిగతాది కాగితాలు సరిచూడగానే డబ్బు కట్టే సైట్ ఎల్‌సీ మీద. ఎల్‌సీని మన బ్యాంకు కన్ఫర్మ్ చేయాలి. అలా చేస్తే అక్కడి బ్యాంకు కట్టకపోయినా మన బ్యాంకు కట్టాలి. దానికి కొంత రుసుము ఉంటుంది, ఆయన ఇస్తానంటున్న 6 రూపాయల్లో నుంచే అది పోనివ్వండి. ఎల్‌సీ కుదరదంటే కనీసం సరుకు కాగితాలు బ్యాంకు ద్వారా పంపండి, డబ్బు కట్టాకే ఆయన చేతికి అందేలా. ఆయన విడిపించుకోకపోతే సరుకు వెనక్కి తెచ్చుకోవడానికో, అక్కడే మరొకరికి అమ్మడానికో అయ్యే ఖర్చుకు ఆ 30 శాతం అడ్డు ఉంటుంది.

ఆయన 90 రోజుల దగ్గరే పట్టుపడితే, ముందు ఈసీజీసీకి (ఎగుమతిదారులకు బీమా ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వెళ్లి ఆ పార్టీ పేరు మీద ఎంత లిమిట్ ఇస్తారో కనుక్కోండి. పార్టీ ఎగ్గొట్టినా, దేశంలో డాలర్లు ఆగిపోయినా నష్టంలో ఎక్కువ భాగం ఆ బీమా ఇస్తుంది, పూర్తిగా కాదు. 2022 నాటి ఆలస్యం సంగతి దాచకుండా చెప్పండి, క్లెయిమ్ రోజున అది బయటపడితే మీకే చిక్కు. వాళ్లు ఇచ్చిన లిమిట్ దాటి ఒక్క టిక్కీ (మిర్చి బస్తా) కూడా అరువు మీద పంపొద్దు. ఆ పాలసీ చేతికి వచ్చాక ఇంటి తాకట్టు లేకుండానే ప్యాకింగ్ క్రెడిట్ (ఎగుమతి సరుకు సిద్ధం చేసుకోవడానికి బ్యాంకు ఇచ్చే అప్పు) ఇస్తారేమో మీ బ్యాంకు మేనేజరును అడగండి, చాలా బ్యాంకులు ఇస్తాయి. బిల్లు డిస్కౌంట్ చేయిస్తే (అంటే గడువుకు ముందే బిల్లు డబ్బు బ్యాంకు దగ్గర తీసుకుంటే) మాత్రం ఒకటి చూసుకోండి. పార్టీ కట్టకపోతే బ్యాంకు ఆ డబ్బు మీ దగ్గర వెనక్కి తీసుకునే షరతు అందులో ఉంటుంది, సంతకానికి ముందు ఆ పేజీ మీ ఆడిటరుకు చూపించండి.

బిల్లు డాలర్లలోనే వేయండి, లేదా మన రూపాయల్లో. లంక రూపాయల్లో ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. మిగిలిన 40 టన్నులు కోల్డ్ స్టోరేజీలో ఉంటే ఉండనివ్వండి, యార్డులో ధర బాగున్న రోజున కొంత ఇక్కడే అమ్మేయండి.