విండోస్ 7 నుంచి 10కి మార్చాక పాత డెస్క్‌టాప్ మొరాయిస్తోందా? ఫార్మాట్ కొట్టే ముందు ఇవి చూడండి

మీరు రాసింది నాకు అర్థమైనంత వరకు ఇదీ సంగతి: నాన్నగారి డెస్క్‌టాప్‌లో విండోస్ 7 మీదే 10 ఎక్కించారు. అప్పట్నుంచి డిస్క్ నూటికి నూరు శాతం చూపిస్తోంది, సౌండ్ పోయింది, ప్రింటర్ ‘డ్రైవర్ అన్‌అవైలబుల్’ అంటోంది, వర్డ్‌లో పాత తెలుగు ఫైళ్ల రూపే మారిపోయింది. మెకానిక్ మాత్రం ‘మళ్లీ ఫార్మాట్ కొట్టేద్దాం సార్’ అంటున్నాడు.

ఫార్మాట్ జోలికి ఇప్పుడే పోకండి. మా బాబాయి డీటీపీ షాపులో సిస్టంలైనా, చుట్టాల ఇళ్లలో పాత డెస్క్‌టాప్‌లైనా ఇలా మార్చే పని ఎప్పుడూ నా నెత్తినే పడుతుంది. మీరు చెప్పిన నాలుగూ దాదాపు ప్రతిచోటా చూసినవే. ఫార్మాట్ కొట్టినా డ్రైవర్లు (ఒక్కో పరికరాన్నీ విండోస్‌తో మాట్లాడించే చిన్న ప్రోగ్రాంలు) అవే, హార్డ్ డిస్క్ అదే, కాబట్టి తిప్పలూ అవే. పైగా ఇప్పుడు చేతిలో ఉన్నది కూడా పోతుంది.

చేతిలో ఉన్నది అంటే సి డ్రైవ్‌లో ‘విండోస్ డాట్ ఓల్డ్’ అనే ఫోల్డర్. మీ పాత విండోస్ మొత్తం అందులోనే ఉంటుంది. సెట్టింగ్స్‌లో రికవరీలోకి వెళ్లి ‘గో బ్యాక్’ నొక్కితే 7కి వెనక్కి వెళ్లిపోవచ్చు కూడా. కానీ గడువు 10 రోజులే, ఆ తర్వాత ఆ ఫోల్డర్‌ని విండోసే తీసేస్తుంది. వెనక్కి వెళ్లే ఉద్దేశం లేకపోయినా, ముందు అందులోని యూజర్స్ ఫోల్డర్‌నీ, విండోస్ లోపలి ఫాంట్స్ ఫోల్డర్‌నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకో ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకో కాపీ చేసి పెట్టుకోండి. ఫాంట్స్ ఎందుకో కింద చెప్తాను. డిస్క్ క్లీనప్ పెట్టి ‘ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్’ టిక్ చేస్తే గడువు దాకా కూడా ఆగదు, అప్పుడే పోతుంది. జాగా కోసం తొందరపడకండి.

ఇక డిస్క్ సంగతి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. డిస్క్ అన్న కాలమ్ మీద నొక్కితే ఎక్కువ వాడేది పైకి వస్తుంది. కొత్తగా ఎక్కించిన మొదటి రోజుల్లో సెర్చ్ ఇండెక్సింగ్ (వెతకడానికి ఫైళ్ల జాబితా రాసుకోవడం), విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ స్కాన్, అప్‌డేట్లు మూడూ ఒకేసారి డిస్క్ మీద పడతాయి. సిస్టం ఆన్‌లో పెట్టి, స్లీప్‌లోకి పోకుండా చూసి, ఒక రాత్రంతా వదిలేయండి. చాలా వరకు దానంతటదే సర్దుకుంటుంది. అయినా తగ్గకపోతే స్టార్ట్‌లో ‘సర్వీసెస్’ అని వెతికి తెరిచి, అందులో ‘సిస్‌మెయిన్’ ఆపి చూడండి. పాత విండోస్‌లో సూపర్‌ఫెచ్ అనేవాళ్లే, అదే ఇది. తిరిగే హార్డ్ డిస్క్ ఉన్న సిస్టంలో దాన్ని ఆపితే కొన్నిసార్లు ఊపిరి వస్తుంది.

కానీ అసలు మాట వేరే. 10 రాసిన తీరే తిరిగే డిస్క్‌కి సరిపడేలా లేదని నా అభిప్రాయం. ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాల్లేని వేగమైన డిస్క్, వేయించండి. మదర్‌బోర్డు పాతదైనా సాటా పోర్టు (డిస్క్ కేబుల్ తగిలించే చోటు) ఉంటే చాలు. దాని పూర్తి వేగం రాకపోయినా తేడా మీకే తెలుస్తుంది. కొత్త సిస్టం కొనమన్నవాళ్లకి ముందు ఈ ముక్క చెప్పండి. అయితే దానికంటే ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంతో పాత డిస్క్ ఆరోగ్యం చూడండి. పసుపు రంగులో ‘కాషన్’ అని చూపిస్తే ఆ నెమ్మది విండోస్ వల్ల కాదు, డిస్కే పోతోంది. అప్పుడు మిగతా పనులన్నీ పక్కనపెట్టి ఫైళ్లు బయటికి తీసుకోండి.

సౌండ్ దగ్గర తొందరపడి డ్రైవర్ల వేటకి దిగొద్దు. కింద టాస్క్‌బార్‌లో స్పీకర్ బొమ్మ నొక్కి, పైన ఏ పేరు చూపిస్తోందో చూడండి. హెచ్‌డీఎంఐ మానిటర్ ఉంటే అప్‌గ్రేడ్ తర్వాత సౌండ్ అటు మళ్లిపోతుంటుంది, మానిటర్‌కేమో స్పీకర్లుండవు. అదే అయితే పేరు మార్చితే సరి. కాకపోతే స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరిచి, అందులో రియల్‌టెక్ అని ఉన్న సౌండ్ పరికరం మీద రైట్ క్లిక్ చేసి, అప్‌డేట్ డ్రైవర్, బ్రౌజ్ మై కంప్యూటర్, ఆ తర్వాత ‘లెట్ మీ పిక్’ నొక్కి, జాబితాలోంచి ‘హై డెఫినిషన్ ఆడియో డివైస్’ ఎంచుకోండి. విండోస్ సొంత డ్రైవర్ అది. ఆడంబరాలేమీ ఉండవు, కానీ పాటలూ పాఠాలూ వినడానికి చాలు.

అక్కడే డిస్‌ప్లే అడాప్టర్స్ కూడా చూడండి. ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అని ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్ పడలేదని అర్థం. అక్షరాలు లావుగా కనిపించడం, వీడియో తడబడటం దానివల్లే. విండోస్ అప్‌డేట్‌లో ‘వ్యూ ఆప్షనల్ అప్‌డేట్స్’ అని ఒక మూలన ఉంటుంది, ఎవరూ అటు చూడరు. పాత డ్రైవర్లు చాలావాటికి అదే దిక్కు. డ్రైవర్లన్నీ మేమే వేస్తామని చెప్పే ప్యాక్ సాఫ్ట్‌వేర్లు మాత్రం దింపకండి. ఒక డ్రైవర్ ఇచ్చి నాలుగు ప్రకటనల ప్రోగ్రాంలు అంటగడతాయి. నెట్ కూడా రాకపోతే ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. అయితే సెట్టింగ్స్‌లో ఆ కనెక్షన్‌ని ‘మీటర్డ్’గా (డేటా పొదుపుగా వాడేలా) మార్చి, కావలసిన అప్‌డేట్ మీరే దింపుకోండి. లేకపోతే రోజువారీ డేటా ప్యాక్ అరగంటలో అయిపోతుంది.

ప్రింటర్‌కి ఒకటే ప్రశ్న: పాత విండోస్ 32 బిట్, కొత్తది 64 బిట్టా? అలా మారితే పాత సీడీలోని 32 బిట్ డ్రైవర్ పని చేయదు. 64 బిట్ డ్రైవర్ కంపెనీ సైట్ నుంచి దింపాలి. వేసే ముందు ‘ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్’లో డ్రైవర్స్ ట్యాబ్‌లోంచి పాతది తీసేయండి. ప్రింటర్ బొమ్మ ఒక్కటి తీసేస్తే చాలదు, విండోస్ మళ్లీ పాతదాన్నే పట్టుకొస్తుంది.

మీ తెలుగు ఫైళ్ల దగ్గర రెండు వేర్వేరు జబ్బులున్నాయి, కలిపేసుకోవద్దు. అక్షరాలు తెలుగులోనే కనిపిస్తూ ఆకారం, వరసల మధ్య దూరం మారి, పేజీలు అటూఇటూ అయితే అది గౌతమి అనే ఫాంట్ లేకపోవడం. విండోస్ 7లో గౌతమి, వాణి రెండూ వచ్చేవి. 10లో తెలుగుకి నిర్మలా యూఐ మాత్రమే ముందే ఉంటుంది. మిగతా రెండింటినీ విడిగా పెట్టారు. సెట్టింగ్స్, యాప్స్, ఆప్షనల్ ఫీచర్స్, యాడ్ ఎ ఫీచర్‌లో ‘తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్’ వేసి వర్డ్ మూసి తెరిస్తే పేజీలు మామూలుగా వస్తాయి.

అలా కాకుండా ఫైలంతా ఇంగ్లిష్ అక్షరాలు, వింత గుర్తులుగా కనిపిస్తే అది డీటీపీలో వాడే ‘అను’ లాంటి పాత నాన్‌యూనికోడ్ ఫాంట్‌లో కొట్టినది. ఆ ఫైల్లో ఉన్నది నిజంగానే ఇంగ్లిష్ కోడ్‌లే, వాటికి తెలుగు రూపం ఇచ్చేది ఫాంటే. గౌతమి వేసినా నిర్మల వేసినా ఏమీ మారదు. పైన కాపీ చేయమన్న ఫాంట్స్ ఫోల్డర్ ఇందుకే. అందులోంచి ఆ ఫాంట్ ఫైల్ తీసి రైట్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ నొక్కండి. లైసెన్స్ ఉన్న సాఫ్ట్‌వేర్ అయితే దాన్నే మళ్లీ వేసుకోవడం ఇంకా మేలు, కీబోర్డు కూడా వస్తుంది.

మీరు అడగలేదు గానీ, గడియారం కూడా చూడండి. తేదీ వెనక్కి పోతే బ్రౌజర్ ప్రతి సైటూ ‘సురక్షితం కాదు’ అంటుంది, జనం వైరస్ అనుకుంటారు. పాత డెస్క్‌టాప్‌లో అది మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బ్యాటరీ అయిపోవడం వల్లే ఎక్కువ. రూపాయి బిళ్ల ఆకారంలో ఉంటుంది, వాచీల కొట్లో దొరుకుతుంది. టైమ్ జోన్ జాబితాలో హైదరాబాద్ కోసం వెతక్కండి, చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఉన్న వరసే మనది.

ఇంకొకటి. 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. మీ సిస్టంలో విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండే అవకాశం తక్కువ కాబట్టి 11 అధికారికంగా ఎక్కదు. కొన్నాళ్లు భద్రతా అప్‌డేట్లు రావాలంటే సెట్టింగ్స్‌లో ఈఎస్‌యూకి (పొడిగించిన భద్రతా అప్‌డేట్ల పథకానికి) నమోదు చేసుకోండి. నాన్నగారు దానిమీద బ్యాంకు పనులు చేస్తుంటే అవి ఫోన్‌కి మార్చడమే నయం.

ఇవన్నీ చేశాక కూడా డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణం మిగిలితే, దాని ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్ తెరిచి ‘వెన్’, ‘డెవ్’ తర్వాతి అక్షరాలు ఇక్కడ పెట్టండి. వెన్ తర్వాత 8086 ఉంటే ఇంటెల్‌ది, 10ఈసీ ఉంటే రియల్‌టెక్‌ది. మిగతావి చూసి ఏ డ్రైవరో చెప్తాను.