సందేహాలు – సమాధానాలు: ‘ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు’

సందేహం: చట్టసభల వార్తల్లో ఒకచోట ‘లిఖితపూర్వక’ అనీ, మరోచోట ‘రాతపూర్వక’ అనీ రాస్తున్నారు. ఏది సరైనది? మంత్రుల జవాబుల్లో ‘ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు’ అనే మాట తరచు కనిపిస్తుంది. అడిగిన ప్రశ్న కళ్లెదుట ఉండగా అది ఉత్పన్నం కాకపోవడమేమిటి? ఇది తెలుగు వాక్యమేనా?

సమాధానం: మొదటి సంగతి చిన్నది. ‘రాత’ తెలుగు, ‘పూర్వకం’ సంస్కృతం. ఆ రెంటినీ అతికితే వైరి సమాసమని వ్యాకరణం చదివినవారు ముఖం చిట్లిస్తారు. పత్రికలు మాత్రం దాన్ని ఎప్పుడో అరాయించుకున్నాయి. ఏది వాడినా ముంచుకొచ్చేదేమీ లేదు. పొరపాటు ఆ విశేషణాన్ని దేనికి తగిలిస్తున్నారన్న దగ్గర జరుగుతోంది. ‘లిఖితపూర్వక ప్రశ్న’ అంటే అర్థం కుదరదు. లోక్‌సభలో ప్రశ్న ఏదైనా రాసి ఇవ్వవలసిందే, అదీ మామూలుగా కనీసం 15 పూర్తి రోజుల ముందు. తేడా అంతా జవాబులో ఉంది. నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో లేచి జవాబు చెబుతారు, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేనిదానికి జవాబు కాగితం మీదే వస్తుంది, అనుబంధ ప్రశ్నకు తావు లేదు. కాబట్టి ‘లిఖితపూర్వక సమాధానం కోరిన ప్రశ్న’ అనాలి. పొట్టిగా కావాలంటే ‘నక్షత్ర గుర్తు లేని ప్రశ్న’ అంటే సరిపోతుంది.

లోక్‌సభలో ఒక రోజు జాబితాకు నక్షత్ర గుర్తువి 20, గుర్తు లేనివి 230. ఆ ఇరవైలోనూ గంటపాటు సాగే ప్రశ్నోత్తరాల సమయంలో మంత్రి నోటి దాకా వచ్చేవి కొన్నే. మిగిలినవాటి జవాబులు కూడా లిఖితపూర్వక సమాధానాలుగానే రికార్డుకెక్కుతాయి. 2020 వర్షాకాల సమావేశాల్లో కొవిడ్ కారణంగా ప్రశ్నోత్తరాల సమయాన్ని పక్కనపెట్టినప్పుడు సభ్యుల చేతిలో మిగిలినవి ఈ కాగితపు జవాబులే. వాటి భాషను పట్టించుకోవలసింది అందుకే.

ఇక రెండో సందేహం. ‘ఉత్పన్నం’ అంటే పుట్టినది. పక్కనున్న ‘కాదు’, ‘ఇది పుస్తకం కాదు’లో ఉన్న ‘కాదు’ లాంటిది కాదు. ‘ఈ పని ఇవాళ కాదు’ అంటామే, ఆ ‘కాదు’. అవదు అని అర్థం. కనుక వ్యాకరణం నిక్షేపంగా ఉంది. ఇంగ్లిషు ఫైళ్లలోని ‘డజ్ నాట్ అరైజ్’కు ఇది తెలుగు సేత. ‘తలెత్తదు’ అని ఉంటే చెవికి ఇంకా ఇంపుగా ఉండేది. అర్థం పట్టుకోవాలంటే మాత్రం జవాబును వదిలి ప్రశ్న దగ్గరికి వెళ్లాలి. ప్రశ్నను అ, ఆ, ఇ భాగాలుగా విడగొట్టి రాస్తారు. మొదటి భాగం ‘వాస్తవమేనా’ అని ముగుస్తుంది. రెండోది ‘అయినచో’ అని మొదలవుతుంది. అంటే ఆ భాగానికి పుట్టుక మొదటి భాగపు ‘అవును’ మీద ఆధారపడి ఉంది. మొదటిదానికి ‘కాదండి’ అన్నాక రెండోది నిజంగానే పుట్టదు. మంత్రి తప్పించుకున్నారని మనం నొచ్చుకుంటాం గానీ, తలుపు తీసిపెట్టింది ప్రశ్న రాసినవారే.

ఈ నమూనా చూడండి:

అ) గత మూడేళ్లుగా అన్ని జిల్లాల్లో ప్రభుత్వ పాఠశాల భవనాల మరమ్మతులు నిధులు లేక నిలిచిపోయాయన్నది వాస్తవమేనా;
ఆ) అయినచో, అందుకు కారణాలేమిటి;
ఇ) ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలేమిటి?

తెలుగులో ప్రశ్నార్థకమైన ‘ఆ’ ఏ మాటకు చేరితే ప్రశ్న ఆ మాట మీద ఉంటుంది. ఇక్కడ అది ‘వాస్తవమే’కు చేరింది. పక్కన ‘ఏ’కారం కూడా ఉంది. దాంతో ముందున్న వాక్యమంతా ఒకే మూటగా నిజం కావాలి. ఒక్క జిల్లాలో పనులు సాగుతున్నా ‘అన్ని’ పోయింది. నిధులుండి టెండర్లు రాక ఆగితే ‘నిధులు లేక’ పోయింది. ‘కాదండి’ అన్న జవాబులో అబద్ధమేమీ ఉండదు. వెనకే ‘ఆ’ భాగం ఉత్పన్నం కాదు. ‘ఇ’ భాగానికి ‘తగు చర్యలు ఎప్పటికప్పుడు తీసుకోబడుతున్నాయి’ అని వస్తుంది. మూడు భాగాల ప్రశ్నకు ఒక్క అంకె కూడా రాలేదు.

దాన్నే ఇలా రాస్తే:

అ) 2022-23 నుంచి 2024-25 వరకు ప్రభుత్వ పాఠశాల భవనాల మరమ్మతులకు మంజూరైన మొత్తం, విడుదలైన మొత్తం, ఖర్చయిన మొత్తం, సంవత్సరం వారీగా, జిల్లా వారీగా ఎంతెంత;
ఆ) 2025 మార్చి 31 నాటికి పూర్తికాని పనులెన్ని, ఒక్కొక్కటి నిలిచిపోవడానికి నమోదైన కారణమేమిటి;
ఇ) వాటిని పూర్తి చేయడానికి నిర్ణయించిన గడువు ఏది?

ఇందులో ‘వాస్తవమేనా’ లేదు, ‘అయినచో’ లేదు. ఎంత, ఎన్ని, ఏమిటి, ఏది ఉన్నాయి. వీటికి ‘కాదండి’ అనడం తెలుగులో సాధ్యం కాదు. దేనికదే స్వతంత్రంగా నిలబడే భాగాలు కనుక ఒకటి పడినా తక్కినవి పడవు. ‘గత మూడేళ్లుగా’ అన్నది క్యాలెండరు ఏడాదో ఆర్థిక సంవత్సరమో తేలదు. అంకెతో రాస్తే ఆ జారుడు ఉండదు.

మొదటి భాగంలో మూడు మాటలు విడివిడిగా వేయడం ఊరికే కాదు. వీటికన్నా ముందుండే కేటాయింపు బడ్జెట్‌లో చూపే అంకె మాత్రమే. మంజూరు అంటే ఫలానా పని చేయవచ్చని పరిపాలనా అనుమతి ఇవ్వడం. విడుదల అంటే ఆ డబ్బు వాడుకోవడానికి ఆర్థిక శాఖ ఉత్తర్వు. బిల్లు చెల్లితేనే ఖర్చు. ఉట్టి ‘నిధులు ఎంత ఇచ్చారు’ అని అడిగితే ఈ నాలుగింటిలో పెద్దదేదో అదే జవాబులోకి వస్తుంది. ‘ఇచ్చు’ అనే క్రియ అన్నిటికీ సరిపోతుంది మరి. పత్రికల్లోనూ ‘కోట్లు కేటాయించారు’, ‘కోట్లు మంజూరు చేశారు’, ‘కోట్లు విడుదల చేశారు’ అన్నవాటిని పర్యాయపదాల్లా వాడుతుంటారు. పునరుక్తి తప్పించాలన్న తాపత్రయం ఇక్కడ అర్థాన్నే చెడగొడుతుంది.

పదును కోసం ఘాటు పెంచితే లాభం లేదు. లోక్‌సభ నియమం ప్రకారం ప్రశ్న మామూలుగా 150 మాటలు మించకూడదు. అందులో వాదన, ఊహ, వ్యంగ్యం, ఆరోపణ, విశేషణాల వడ్డన ఉండకూడదు. అభిప్రాయం అడగకూడదు. ఇదివరకే జవాబు వచ్చినదాన్ని తిరిగి అడగకూడదు. ‘ప్రభుత్వ ఘోర నిర్లక్ష్యం వల్ల’ అన్న మాట ఉంటే లోక్‌సభ సచివాలయం దాన్ని కత్తిరిస్తుంది, లేదా ప్రశ్నే తిరస్కరణకు గురవుతుంది. ఒక సభ్యుడి పేరున రోజుకు అయిదుకు మించి ప్రశ్నలు జాబితాకెక్కవు. ఒక విశేషణం కోసం అందులో ఒకటి పోగొట్టుకోవడం తెలివైన బేరం కాదు.

కాదండి, లేదండి అన్న జవాబులనూ విడదీసి చూడాలి. ‘కాదు’ చెప్పిన సంగతిని నిరాకరిస్తుంది, ‘లేదు’ ఉనికిని గానీ జరగడాన్ని గానీ నిరాకరిస్తుంది. ‘వాస్తవమేనా’కు ‘కాదండి’, ‘ప్రతిపాదన ఉందా’కు ‘లేదండి’ సరైన జోడీలు. ప్రశ్నలోనే వ్యతిరేకార్థం ఉంటే చిక్కు ముదురుతుంది. ‘మూడు నెలలుగా జీతాలు చెల్లించలేదన్నది వాస్తవమేనా?’ అంటే ‘కాదండి’ అన్నప్పుడు చెల్లించారని అర్థం. ‘లేదండి’ అని వచ్చిందనుకోండి. చెల్లించలేదని ఒప్పుకున్నారా, ఆరోపణలో నిజం లేదన్నారా? ఎవరికి తోచినట్టు వారు చదువుకోవచ్చు. అందుకే అడిగేవారు వ్యతిరేక వాక్యం జోలికి పోకుండా ‘చివరగా జీతం చెల్లించిన నెల ఏది’ అని అడగడం మేలు.

‘పరిశీలనలో ఉంది’, ‘సమాచారం సేకరించబడుతోంది’ అన్నవి అందరూ ఎగతాళి చేసే వాక్యాలు. ‘బడు’ ప్రయోగం కర్తను మాయం చేస్తుందన్నది నిజమే. ఎవరు పరిశీలిస్తున్నారో, ఎప్పటికి తేలుస్తారో వాటిలో ఉండదు. అయినా ‘కాదండి’తో పోలిస్తే ఇవే సభ్యుడికి ఎక్కువ పనికొస్తాయి. ఇలాంటి మాటలను సభకు ఇచ్చిన హామీలుగా లెక్కగట్టే పద్ధతి లోక్‌సభలో ఉంది. వాటిని వెంటాడటానికి ప్రభుత్వ హామీల కమిటీ 1953 నుంచి పనిచేస్తోంది. హామీ నెరవేర్చడానికి మామూలు గడువు 3 నెలలు. దాటితే శాఖ పొడిగింపు కోరాలి. కాబట్టి జవాబులో ‘పరిశీలనలో ఉంది’ కనబడితే విసుక్కుని కాగితం పారేయకూడదు, తేదీ వేసి దాచుకోవాలి. ‘ప్రభుత్వం కట్టుబడి ఉంది’ అన్నదానికి ఆ పట్టు ఉండదు. అందులో చేస్తామన్న పనే లేదు.

జవాబు చాలకపోతే, విషయం తగినంత ప్రజా ప్రాముఖ్యం ఉన్నదైతే, దాని మీద అరగంట చర్చ కోరవచ్చు. లిఖితపూర్వక సమాధానం వచ్చినదానికీ ఆ అవకాశం ఉంది. ఎల్‌ఐసీ సొమ్ముతో వ్యాపారి హరిదాస్ ముంద్రా కంపెనీల వాటాలు కొన్న వ్యవహారం 1957లో లోక్‌సభలో ముందు ప్రశ్నగానే వచ్చింది. కాంగ్రెస్ సభ్యుడు ఫిరోజ్ గాంధీ డిసెంబరులో చర్చ లేవదీశారు, జస్టిస్ చాగ్లా విచారణ జరిగింది, 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు.

వార్త రాసేవారికి ఒక మాట. ‘కాదండి’ అన్న జవాబును ‘ఆరోపణలను మంత్రి ఖండించారు’ అని రాయకండి. ఖండించడమంటే కారణం చూపి తోసిపుచ్చడం, ఆ జవాబులో కారణం ఉండదు. ‘ప్రశ్నలో పేర్కొన్నది వాస్తవం కాదని మంత్రి జవాబిచ్చారు’ అని రాసి, ప్రశ్నలో ఏముందో కింద యథాతథంగా ఇవ్వండి. ‘ఉత్పన్నం కాదు’ అన్నచోట ‘కారణాలు చెప్పలేదు’ అంటే చాలు.