బిల్లింగ్ అప్లికేషన్‌ను ఈఎక్స్ఈగా చేసి ఇస్తే బిల్లులు మాయమవుతున్నాయి, డేటాబేస్ ఎక్కడ పెట్టాలి?

మీ సమస్య నాకు అర్థమైనంతవరకూ ఇదీ. పైథాన్‌లో ఎస్‌క్యూలైట్‌తో (డేటా అంతా ఒకే ఫైలులో దాచే డేటాబేస్) బిల్లింగ్ అప్లికేషన్ రాశారు. మీ ల్యాప్‌టాప్‌లో బాగానే నడుస్తోంది. పైథాన్ ప్రోగ్రామును విండోస్‌లో నేరుగా నడిచే ఫైలుగా మార్చే పైఇన్‌స్టాలర్‌తో ఒకే ఈఎక్స్ఈగా చేసి బొబ్బిలి దగ్గర రైస్ మిల్లులో పెడితే, మూసి తెరిచేసరికి కొట్టిన బిల్లులు ఉండటం లేదు. సర్వర్‌గా నడిచే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌కి మారిపోవాలా అని అడుగుతున్నారు.

మారక్కర్లేదు. తప్పు ఎస్‌క్యూలైట్‌ది కాదు, డేటాబేస్ ఫైలు ఉన్న చోటుది. వన్‌ఫైల్ పద్ధతిలో కట్టిన ఈఎక్స్ఈ తెరిచిన ప్రతిసారీ తనలో ఉన్నవన్నీ టెంప్‌లో (విండోస్ తాత్కాలిక ఫైళ్ల చోటు) ఒక కొత్త ఫోల్డర్‌లోకి విప్పుకుంటుంది, మూసేటప్పుడు ఆ ఫోల్డర్‌ను చెరిపేస్తుంది. మీరు డేటాబేస్ ఫైలును కూడా ఆ మూటలోనే కట్టి ఉంటారు. రోజంతా కొట్టిన బిల్లులు ఆ టెంప్ కాపీలో పడి, దానితో పాటే పోతున్నాయి. మీ ల్యాప్‌టాప్‌లో నేరుగా స్క్రిప్టు నడుపుతున్నారు కాబట్టి తేడా తెలియలేదు.

పోనీ ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఈఎక్స్ఈ పక్కనే పెడదామంటే, అక్కడ మామూలు యూజర్‌కి రాసే అనుమతి ఉండదు. డేటాబేస్ తెరుచుకుంటుంది గానీ మొదటి బిల్లు సేవ్ చేయగానే ఎర్రర్ వస్తుంది. పాత 32 బిట్ ప్రోగ్రాముల విషయంలో ఇంకా ప్రమాదం: విస్టా నుంచి విండోస్ ఎర్రర్ చూపించకుండా ఆ రాతల్ని చడీచప్పుడు లేకుండా యూజర్ యాప్‌డేటాలోని వర్చువల్‌స్టోర్ ఫోల్డర్‌కి మళ్లిస్తుంది.

నేను పలాస, కాశీబుగ్గ జీడిపప్పు వ్యాపారులకు ఇలాంటి ప్రోగ్రాములే చేసి ఇస్తుంటాను. ఒక షావుకారు దగ్గర ఎవరో ఎప్పుడో పెట్టిన విజువల్ బేసిక్ ప్రోగ్రాము, యాక్సెస్ డేటాబేస్‌తో ఉండేది. గుమాస్తా చాలా పద్ధతి మనిషి. వారం వారం ప్రోగ్రామ్ ఫైల్స్‌లోంచి ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేవాడు. కంప్యూటర్ మార్చిన రోజు పెన్‌డ్రైవ్ తెరిస్తే ఒక్క బిల్లు లేదు, ఇన్‌స్టాల్ చేసిన నాటి ఖాళీ ఫైలే. అసలు లెక్కలన్నీ పాత కంప్యూటర్ వర్చువల్‌స్టోర్‌లో ఉన్నాయి. దాన్ని ఇంకా పాత సామాన్లవాడికి వేయలేదు కాబట్టి బయటపడ్డారు. డబ్ల్యూ 240 రకం జీడిపప్పు ఎన్ని టిన్నులు వెళ్లాయి, ఎవరి దగ్గర ఎంత బాకీ, అంతా ఆ ఒక్క ఫైలులోనే ఉంది. అందుకే ఈ విషయంలో నేను చాలా గట్టిగా ఉంటాను: ప్రోగ్రాము మీది, డేటా షావుకారుది. రెండూ ఒకే ఫోల్డర్‌లో ఉండకూడదు.

ఒక్కరే వాడే కంప్యూటర్ అయితే లోకల్ యాప్‌డేటాలో (ఒక్కో యూజర్‌కి విడిగా ఉండే ఫోల్డర్) మీ పేరుతో ఫోల్డర్ చేసి అందులో పెట్టండి. యజమానికో లాగిన్, గుమాస్తాకో లాగిన్ ఉంటే మాత్రం అలా పెట్టొద్దు, ఇద్దరికీ వేర్వేరు డేటాబేస్‌లు తయారై ఒకరి బిల్లులు ఇంకొకరికి కనిపించవు. అప్పుడు యూజర్లందరికీ ఉమ్మడిగా ఉండే ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్ వాడాలి. అక్కడా ఒక మెలిక ఉంది. ఒక యూజర్ తయారుచేసిన ఫైలును ఇంకో మామూలు యూజర్ మార్చలేడు. ఇన్‌స్టాలర్ తయారుచేసే ఇన్నో సెటప్‌లో ఆ ఫోల్డర్‌కి యూజర్స్ అందరికీ మోడిఫై అనుమతి ఇస్తే సరిపోతుంది.

ఇన్‌స్టాలర్‌లో డేటాబేస్ ఫైలును అసలు పెట్టకండి. పెడితే కొత్త వెర్షన్ వేసినప్పుడు ఖాళీ ఫైలు పాతదాని మీద పడుతుంది, అన్‌ఇన్‌స్టాల్ చేస్తే దాన్ని కూడా తీసేస్తుంది. ప్రోగ్రాము మొదటిసారి తెరిచినప్పుడు ఫైలు లేకపోతే టేబుళ్లు తనే సృష్టించుకునేలా రాయండి. తర్వాత టేబుళ్లు మారితే ఎస్‌క్యూలైట్‌లోని యూజర్ వెర్షన్ ప్రాగ్మా ఉంది, అంటే డేటాబేస్ ఫైలులోనే మన వెర్షన్ నంబరు దాచుకునే చోటు, మొదట దాని విలువ 0. తెరిచిన వెంటనే ఆ నంబరు చూసి, ముందు ఒక బ్యాకప్ తీసి, మార్పులన్నీ ఒకే ట్రాన్సాక్షన్‌లో (జరిగితే అన్నీ జరుగుతాయి, లేదంటే ఏదీ జరగదు) చేసి నంబరు పెంచండి. మధ్యలో కరెంటు పోయినా పాత స్థితి అలాగే ఉంటుంది. మన వైపు కరెంటు సంగతి మీకు తెలిసిందే.

బ్యాకప్‌కి ప్రోగ్రాము నడుస్తుండగా ఫైలును కాపీ చేయొద్దు. వాల్ మోడ్‌లో (కొత్త రాతలు ముందు పక్కన ఇంకో ఫైలులో పడే పద్ధతి) ఉంటే తాజా బిల్లులు ఇంకా పక్కనున్న వాల్ ఫైలులోనే ఉండవచ్చు. పైథాన్ 3.7 నుంచి కనెక్షన్‌కి బ్యాకప్ అనే మెథడ్ ఉంది, అదే వాడండి. కాపీ ఆ కంప్యూటర్‌లోనే ఉంచితే లాభం లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన సంగతి గుర్తుండే ఉంటుంది. గది పైకప్పు లేచిపోతే కంప్యూటర్‌తో పాటు అదీ పోతుంది.

వన్‌ఫైల్ బదులు వన్‌డిర్‌గా, అంటే ఒకే ఫైలు కాకుండా ఒక ఫోల్డర్‌గా కట్టి ఇన్నో సెటప్‌లో పెడితే యాంటీవైరస్ గోల కూడా కొంత తగ్గుతుంది, ప్రోగ్రాము త్వరగా తెరుచుకుంటుంది. డిజిటల్ సంతకం లేకపోతే విండోస్ రక్షణ అయిన స్మార్ట్‌స్క్రీన్ నీలం హెచ్చరిక చూపించవచ్చు, ఆ సంగతి మిల్లు వాళ్లకి ముందే చెప్పి ఉంచండి.

మైఎస్‌క్యూఎల్ లాంటి సర్వర్ అవసరం ఎప్పుడొస్తుందంటే, కాటా దగ్గర ఒక కంప్యూటర్, ఆఫీసులో ఇంకొకటి పెట్టి రెండింట్లోనూ ఒకేసారి బిల్లులు కొట్టాలని అడిగినప్పుడు. షేర్డ్ ఫోల్డర్‌లో ఎస్‌క్యూలైట్ ఫైలు పెట్టి రెండు వైపుల నుంచీ రాయిస్తే నెట్‌వర్క్‌లో లాకింగ్ సరిగా పనిచేయక ఫైలు పాడయ్యే ప్రమాదం ఉంది. అప్పటిదాకా ఎస్‌క్యూలైట్‌తోనే ఉండండి.