కంపెనీ ‘విజన్’ కింది మనుషుల దాకా ఎట్లా చేర్చాలి?

అడిగినవారు ప్రశ్న కింద కొంత వివరం కూడా రాశారు. వాళ్ల ఆఫీసుకు కొత్త ఎండీ వచ్చాడట, ఐదేళ్ల లక్ష్యం ఒకటి పెట్టాడట. దాన్ని టీంలో ఉన్న నలభై మందికీ ‘ఇది మాది’ అనిపించేలా చెప్పమన్నాడట. పీపీటీలో ఎన్ని స్లైడ్లు ఉంటే బాగుంటుందని వీరి అనుమానం.

ఒక్క స్లైడు కూడా వద్దు. తమాషాకు అనడం లేదు. వరంగల్ పక్కన ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో, అంటే పత్తి నుంచి గింజ తీసే మిల్లులో, పదకొండేళ్లు సూపర్‌వైజర్‌గా చేశాను. అందులో ఒక సీజన్ మొత్తం ఈ విజన్ అనే మాటతోనే సచ్చిన.

మిల్లు పేరు చెప్పను, సేటు ఇంకా ఉన్నాడు, పెళ్లిళ్లలో ఎదురుపడతాడు. ఆ ఏడాది ఆయనకు హైదరాబాద్ నుంచి ఒక కన్సల్టెంట్ తగిలాడు. ఇద్దరూ మూడు రోజులు ఏసీ రూంలో కూర్చుని ఇంగ్లీషులో ఒక వాక్యం తయారుచేశారు. దాన్ని ఎవరితోనో తెలుగు చేయించారు: ‘నాణ్యతా శ్రేష్ఠత ద్వారా భాగస్వాములందరికీ స్థిరమైన విలువను సృష్టిస్తూ దక్షిణ భారతదేశపు అగ్రగామి సంస్థగా అవతరించుట.’ అవతరించుట! పది అవతారాలు అయిపోయినయి, పదకొండోది మాదే అన్నమాట. పన్నెండడుగుల ఫ్లెక్సీ కొట్టించి గేటు పక్కన కట్టారు. ఎడమ దిక్కు సేటు ఫొటో, కుడి దిక్కు ఎగురుతున్న గద్ద. మా మిల్లుకూ గద్దకూ సంబంధం ఏందో ఇప్పటికీ నాకు తెలియదు.

దీపావళి పోయిన వారం, ఎనుమాముల మార్కెట్ నుంచి బండి మీద బండి దిగుతున్న టైం. సరిగ్గా అప్పుడే ఒక మధ్యాహ్నం గంటసేపు మిషన్లు బంద్ పెట్టి అందరినీ యార్డులో కూర్చోబెట్టారు. హమాలీలు, దూదిని బేళ్లు కట్టే ప్రెస్ కాడి పిలగాళ్లు, పత్తి కుప్పల మీద చెత్త ఏరే ఆడవాళ్లు. కన్సల్టెంట్ మైకు పట్టుకుని, ఈ ట్రైనర్లందరూ చెప్పే ఆ అమెరికా కథే చెప్పాడు. నాసాలో ఊడ్చే మనిషిని నువ్వేం చేస్తున్నావని అడిగితే, చంద్రుడి మీదికి మనిషిని పంపుతున్నా అన్నాడట. కథ అయిపోయింది, మేం చప్పట్లు కొట్టాం. ముందు వరసలో కూర్చున్న ఒక అవ్వ నా దిక్కు వంగి, ‘ఆయనది నెల జీతమా బిడ్డా, రోజు కూలా?’ అని అడిగింది.

తర్వాత ఒక హమాలీ లేచాడు. ‘మిల్లు నంబర్ వన్ అయితే బస్తాకు ఎంత పెంచుతరు సారూ?’

‘గుడ్ క్వశ్చన్’ అన్నాడు కన్సల్టెంట్. అని ముందుకు పోయాడు. మీటింగుల్లో గుడ్ క్వశ్చన్ అన్నారంటే జవాబు లేనట్టే, నా సర్వీసులో ఇది ఒక్కసారి కూడా తప్పలేదు. చివరికి అందరితో చెయ్యి ముందుకు చాపించి బళ్లో ప్రతిజ్ఞ లెక్క ఆ వాక్యం చదివించారు. ‘శ్రేష్ఠత’ దగ్గర సగం మందికి నాలుక తిరగలేదు. పొద్దుమీకి హమాలీలు నా దగ్గరికొచ్చి అడిగిందొకటే: ఆ గంట ఖాళీగా కూసున్నదానికి కూలి ఎవరిస్తరు? వాళ్లది బస్తా లెక్క, మిషన్ ఆగితే వాళ్ల సంపాదన కూడా ఆగుతుంది. ఎవరూ ఇవ్వలేదు. ఆ రోజు కిందికి చేరిన విజన్ ఏదన్నా ఉంటే అదే.

ఇదే పత్తిలో ఇంకో సంగతి చూడండి. సీసీఐ, అంటే మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ, దాని కొనుగోలు సెంటర్ దగ్గర లైన్లో ఉన్న ఏ రైతునైనా అడగండి, బడి మొహం చూడని ముసలాయనను అడిగినా సరే. తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర, 12 దాకా కోత పెట్టి కొంటరు, 12 దాటితే వాపస్ అని టక్కున చెప్తాడు. ఆదిలాబాద్‌లో అడిగినా ఇదే, జమ్మికుంటలో అడిగినా ఇదే. ఆ రెండు అంకెలను ఎవడూ ప్రతిజ్ఞ చేయించలేదు. అవి తెలియకపోతే పత్తిని వాకిట్లో ఇంకో రెండు రోజులు ఆరబోయకుండానే తెస్తాడు, తెస్తే నష్టపోతాడు, అందుకని తెలుసు. మనిషి తన చేత్తో చేసే పనికి, తన జేబుకు తగిలిన మాట నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. మిగతాది కాగితం.

ఇగ అసలు చెప్పాలనుకున్నది. అదే సీజన్లో, సంక్రాంతి ముందు, తమిళనాడు దిక్కు ఒక స్పిన్నింగ్ మిల్లు మా లారీ మీద పైసలు కోసింది. ఫిర్యాదు ఉత్తరానికి ఒక గుడ్డ ముక్క పిన్ను కొట్టి పంపారు. ముదురు నీలం రంగు, టీషర్టు గుడ్డ, అరచేతంత ఉంటుంది. మధ్యలో సన్నగా తెల్ల గీత. మన దూదిలో కలిసిపోయిన ప్లాస్టిక్ పోగు అది. దూది రంగు పీలుస్తుంది, ప్లాస్టిక్ పీల్చదు. నూలు వడికినప్పుడు ఎవరి కంటికీ కనబడదు. గుడ్డ నేసి రంగులో ముంచి తీసినంక తెల్లగా బయటపడుతుంది. అప్పటికి గుడ్డవాడు నూలు మిల్లును తిడతాడు, నూలు మిల్లు మమ్మల్ని తిడుతుంది.

నేనేం చేశాను? ఉత్తరం ఫైల్లో పెట్టి గుడ్డ ముక్కను సొరుగులో పడేశా. అది ఆఫీసు సంగతి కదా అనుకున్న. వారం తర్వాత ఆ నెల జీతమా రోజు కూలా అని అడిగిన అవ్వే అడ్వాన్సు కోసం వచ్చింది. రసీదు బుక్కు కోసం సొరుగు గుంజితే ఆ ముక్క టేబుల్ మీదికి వచ్చింది. గిదేందని అడిగింది. చెప్పాను. కిటికీ కాడికి పట్టుకపోయి, వెలుగుకు పెట్టి, గోరుతో ఆ తెల్ల గీతను గీకి, కొస దొరకబట్టి కొద్దిగా బయటికి లాగింది.

‘ఇది యూరియా సంచి పోగు బిడ్డా. మా ఇంట్ల దీంతోనే బర్రెకు తాడు పేనినం.’

నాకు నోట మాట రాలేదు. ఉత్తరంలో ఇంగ్లీషులో కంటామినేషన్ అని ఉంది, సేటు కంటామినేషన్ అన్నాడు, నేనూ ఎవరన్నా అడిగితే కంటామినేషన్ అనే అనేవాణ్ని. యూరియా సంచి అన్నది ఆమె ఒక్కతే. అక్కడితో ఆపలేదు.

‘తొమ్మిదేండ్ల సంది ఏరుతున్న. చెత్త ఏరుమన్నరు, ఏరినం. చెత్తంటే ఆకులు, కాయ తొక్కలు, పుల్లలు అనుకున్నం. గీ పోగులు కండ్లవడ్డా ఇడిసిపెట్టినం, గింత సన్నది ఏం జేస్తది అని. గిది గిట్ల గుడ్డను ఖరాబ్ చేస్తదని ఒక్కలన్న చెప్పిన్రా మాకు?’

చెప్పలేదు. నిజానికి ఆకు, తొక్క అయితే మిషన్లో చాలావరకు జల్లెడ పట్టినట్టు రాలిపోతుంది. ప్లాస్టిక్ పోగు రాలదు, దూదితో పాటే పోతుంది, పోయి తునకలు తునకలై ఇంకా ఎక్కువ చోట్ల కలుస్తుంది. అంటే మిషన్ చేయగలిగిన పనిని వాళ్లతో చేయించి, చెయ్యి తప్ప ఇంకేదీ చేయలేని పనిని వాళ్లకు చెప్పనేలేదు. ముప్పై మంది ఆడవాళ్లు, తొమ్మిదేళ్లు. ఎవరి తప్పంటారు? ‘కింది స్థాయిలో నిబద్ధత లేదు’ అని ఆ కన్సల్టెంట్ రిపోర్టులో రాశాడు. నేను చదివాను.

ఆ ముక్క నాకియ్యి అన్నది, ఇచ్చాను. మర్నాడు పొద్దున చూస్తే షెడ్డు స్తంభానికి ఒక మేకు, మేకుకు ఆ గుడ్డ. పనికొచ్చిన ప్రతి మనిషినీ ముందు దాని కాడికి తీసుకపోయి గీత మీద వేలు పెట్టించి, ఆ తర్వాతే కుప్ప మీదికి పంపింది. భాషణం లేదు. ‘సూసినవా? ఇగ పో.’ అంతే.

తర్వాత జరిగినవి అన్నీ తీపి సంగతులు కావు, అందుకే నాకు నమ్మకం. బస్తా మూతిని హమాలీలు కొడవలితో సర్రున కోస్తారు, కోసిన ప్రతిసారీ పోగులు రాలి పత్తిలో పడతాయి. కొయ్యొద్దు, కుట్టు ఇప్పుండ్రి అని ఆడవాళ్లు అడ్డం తిరిగారు. కుట్టు ఇప్పితే టైం పడుతుంది, మాది బస్తా లెక్క, మా కడుపు కొడతవా అవ్వా అని హమాలీలు. రెండు రోజులు బూతులు. మూడో రోజు ఇద్దరూ కలిసి నా మీద పడ్డారు. కుట్టు ఇప్పినదానికి బస్తాకు రూపాయి ఎక్కువ ఇప్పించు అని. సేటు పదిహేను రోజులు నాన్చాడు. ఇంకో లారీ మీద కోత పడ్డంక ఒప్పుకున్నాడు. కన్సల్టెంట్ ఫీజుకు మాత్రం ఒక్క రోజు కూడా నాన్చలేదు, ఆ చెక్కు నేనే పోస్టు చేసిన. ప్రెస్ కాడి పిలగాళ్లు గుట్కా పాకెట్లు ఎక్కడబడితే అక్కడ పడేయడం కూడా అవ్వల తిట్లకే ఆగింది. నేను రెండేళ్లు బోర్డు పెట్టి ఆపలేకపోయిన. ఆ సీజన్ చివరికి కోతలు బాగా తగ్గినయి.

పెద్ద స్థాయిలో ఇది కుదరదు అనేవాళ్లు ఉంటారు. 2015లో తెలంగాణలో చెరువుల పూడిక తీసి బాగుచేసే పథకం మిషన్ కాకతీయ మొదలైనప్పుడు ‘మన ఊరు మన చెరువు’ అన్నారు. నాలుగు మాటలు, నాలుగూ ఇంట్లో మాట్లాడుకునేవే. 46 వేల చిల్లర చెరువుల పని అది. బిల్లుల గొడవలు, నాసిరకం కట్టల గొడవలు వేరే ముచ్చట, వాటి మీద ఇంకెవరన్నా ప్రశ్న అడిగితే రాస్తా. కానీ పూడిక మట్టిని రైతులు సొంత ఖర్చుతో ట్రాక్టర్లు పెట్టి పొలాలకు తోలుకున్నారు. ఒండ్రు పడితే పొలం ఎట్లా మారుతుందో వాళ్లకు తాతల నాటి నుంచే తెలుసు. ప్రభుత్వం కొత్తగా ఏదీ నేర్పలేదు, ఉన్న ఎరుకకు పిలుపు ఇచ్చింది.

మా దిక్కే ముల్కనూరు ఉంది. 1956లో ఏకే విశ్వనాథరెడ్డి గారు మొదలుపెట్టిన సహకార సంఘం, ఇప్పటికీ నడుస్తోంది. చుట్టుపక్కల ఎన్ని సంఘాలు లేచినయి, ఎన్ని మునిగినయి! అక్కడే మహిళలే సభ్యులుగా, మహిళలే నడిపించే పాల డెయిరీ కూడా ఉంది, 2002 నాటిది. పాలు పోసే మనిషికి వెన్న శాతం రాసిన చీటీ చేతిలోకి వస్తుంది కదా, నా లెక్కలో ఆమెకు అదే విజన్ డాక్యుమెంటు. ఈ మాట కాదనేవాళ్లు ముందు ఒక వారం తెల్లారుజామున పాల సెంటర్ కాడ నిలబడి వచ్చి వాదించండి.

మా మేనకోడలు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తుంది. మూడు నెలలకోసారి ‘టౌన్ హాల్’ అట, సీఈఓ స్క్రీన్ మీద వచ్చి మనమంతా ఒక కుటుంబం అంటాడట. అదే నెల వాళ్ల టీంలో ఆరుగురిని తీసేశారు. ఏ కుటుంబంలోనైనా అన్నం తినేటప్పుడు పళ్లెం గుంజుకుంటారా? ఈ ‘కుటుంబం’ అనే మాట మీదే నాకు ఎక్కువ మంట. కుటుంబం అన్నవాడెవడూ బోనస్ టైంకు వాటా అనడు.

సరే, మీ నలభై మంది సంగతి. మాది సర్వీసు కంపెనీ, మాకు గుడ్డ ముక్క ఏముంటుంది అంటారేమో. ఉంటుంది. మీ కస్టమర్ ఎవడో ఒకడు కోపంతో ఫోన్ చేసి అరిచిన రికార్డింగు ఉండదా? మీ టీం చేసిన చిన్న పొరపాటుకు ఎక్కడో ఎవరికో ఆగిపోయిన పైసలు, వాపస్ వచ్చిన ఫారం, ఏదో ఒకటి. అది ఎవరి సొరుగులో ఉందో వెతకండి, నా అనుభవంలో అది మీ సొరుగులోనే ఉంటుంది. తెచ్చి టేబుల్ మీద పెట్టి ఏమీ మాట్లాడకుండా కూర్చోండి. ఎవరో ఒకరు ‘ఇది యూరియా సంచి పోగు’ అంటారు. అన్న మనిషిని మాత్రం మధ్యలో ఆపకండి. ఇంకోటి, ఎండీ దగ్గరికి ముందే పోయి ‘ఇది జరిగితే మా వాళ్లకు ఏమొస్తది సార్’ అని అడిగి పెట్టుకోండి. ఆయన గుడ్ క్వశ్చన్ అంటే ఈ పనిని ఇంకెవరికన్నా అప్పజెప్పి మీరు లీవు పెట్టండి.

నేను ఆ మిల్లు మానేసింది ఇంకో నాలుగేళ్లకు. లెక్క సెటిల్ చేసుకుందామని చివరి రోజు ఏసీ రూంలోకి పోతే సేటు కుర్చీ వెనక గోడకు ఆ నీలం గుడ్డ ముక్క కనిపించింది. అద్దం వేసి, బంగారు రంగు ఫ్రేము కట్టించి, కింద ‘మా క్వాలిటీ ప్రయాణం’ అని ఇంగ్లీషులో రాయించారు. చూడడానికి వచ్చే పార్టీలకు చూపిస్తారట. బయటికొచ్చి షెడ్డులో చూశాను. అవ్వ అప్పటికే పని మానింది, మోకాళ్లు పోయినయి. కుప్ప మీద అందరూ కొత్తవాళ్లే. స్తంభానికి మేకు అట్లనే ఉంది, దానికి ఎవరిదో టిఫిన్ సంచి వేలాడుతోంది. యూరియా సంచి కోసి కుట్టిన సంచే.