పెద్ద ట్రక్కు, ఫిఫ్త్ వీల్ ట్రైలర్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సరుకులు మోసిన పాత క్లాస్ 8 ట్రాక్టర్ (పెద్ద ట్రైలర్లను లాగే భారీ ట్రక్కు, పొలం ట్రాక్టర్ కాదు) కొని, వెనక ఇరుసుల్లో ఒకటి తీసేయించి, మా ఫిఫ్త్ వీల్ ట్రైలర్ (ట్రక్కు వెనక మీది హిచ్‌కు తగిలించే ఇల్లులాంటి ట్రైలర్) లాగుదామనుకుంటున్నాం. వ్యాపారం ఏమీ లేదు. అయినా బీమా ఏజెంట్లందరూ కమర్షియల్ పాలసీయే అంటున్నారు. దారేమైనా ఉందా? (పాఠకుడు, టెక్సాస్)

జవాబు: ఏజెంటు విన్ నంబరు (బండి గుర్తింపు సంఖ్య) కొట్టగానే తెర మీద 'ట్రక్ ట్రాక్టర్' అని పడుతుంది. చిక్కంతా అక్కడే. బండి రకాన్ని టైటిల్‌లోనే (యాజమాన్య పత్రంలోనే) మోటార్ హోమ్‌గా, అంటే లోపల నివసించే వీలున్న బండిగా మార్పించుకుంటే చాలా కంపెనీలతో మాట సులువవుతుంది. అమెరికా ఫెడరల్ నిర్వచనం ప్రకారం ఆరింటిలో కనీసం నాలుగు సదుపాయాలు ఉండాలి: వంట, ఫ్రిజ్ లేదా ఐస్ పెట్టె, సొంత టాయిలెట్, హీటరు లేదా ఏసీ, కుళాయి-సింకుతో తాగునీరు, 110-125 వోల్టుల విడి కరెంటు లేదా ఎల్పీ గ్యాసు. స్లీపర్ క్యాబ్‌లో (వెనక పడక ఉన్న క్యాబ్‌లో) నాలుగు సమకూర్చడం పెద్ద పనేం కాదు, కానీ అవి బిగించినవై ఉండాలి. బల్ల మీద పెట్టిన పొయ్యిని లెక్కలోకి తీసుకోరు. టైటిల్ ఇచ్చేది మాత్రం రాష్ట్రమే. ఫోటోలు, తూకం చీటీ, తనిఖీ వీటిలో ఏవి అడుగుతారో పనికి దిగకముందే కనుక్కోండి.

టైటిల్ మారకపోతే, పెద్ద ట్రాక్టర్లకు 'సొంత వాడకం, కిరాయికి కాదు' అని రాసే కంపెనీని వెతకాలి. ఆ మాట ఏజెంటు నోటితో చెబితే చాలదు, పాలసీ కాగితం మీద ఉండాలి. ప్రీమియం తగ్గుతుందని బండిని పికప్‌గా రాయించడం మాత్రం వద్దు. ప్రమాదం జరిగిన రోజు కంపెనీ మొదట చూసేది ఆ కాగితమే, క్లెయిమ్ అక్కడే పోతుంది. డబ్బు తీసుకుని ఒక్కసారి ఎవరి ట్రైలరో లాగినా అది కిరాయే.

ఇంకో రెండు సంగతులు. ట్రైలర్ తగిలించి ఉన్నప్పుడు ఎదుటివాళ్ళకు జరిగే నష్టాన్ని సాధారణంగా లాగే బండి పాలసీ చూసుకుంటుంది. ట్రైలర్‌కే దెబ్బ తగిలితే దానికి విడి పాలసీ కావాలి. బండి విలువ విషయంలో 'మార్కెట్ విలువ' అని రాస్తే పదేళ్ళ పాత ట్రాక్టర్ ధరే చేతికొస్తుంది. మీరు వేయించిన డెక్కు, పెట్టెలు, హిచ్ అందులో కలవవు. ముందే ఒప్పుకున్న విలువకు రాయించి, బిల్లులు జతచేయండి. రోడ్డు సాయం ప్లాన్‌లో బరువు పరిమితి కూడా చూడండి. పికప్ ప్లాన్ మీద ఈ బండికి క్రేన్ రాదు.

ప్రశ్న: ట్రైలర్ లాగే మా ట్రక్కు ఏడాదికి 5,000 మైళ్ళు కూడా తిరగదు, ఎనిమిది నెలలు నిలిచే ఉంటుంది. మైళ్ళు చూసి సర్వీసు చేయిస్తే చాలదా? (పాఠకురాలు, అరిజోనా)

జవాబు: చాలదు. ఈ బండ్లు తిరిగి చెడేదానికంటే నిలబడి చెడేది ఎక్కువ. ఇంజిన్ ఆయిల్ సుమారు 10 గ్యాలన్లు పడుతుంది. మైళ్ళు ఎన్నయినా ఏడాదికోసారి మార్చండి. నెలకోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఐడిల్‌లో వదిలేసే అలవాటు చాలామందికి ఉంది. అది మేలు కాదు, కీడు. ఆయిల్ పూర్తిగా వేడెక్కదు, అందులో చెమ్మ నిలుస్తుంది, డీపీఎఫ్‌లో (పొగలోని మసిని పట్టే ఫిల్టరులో) మసి పేరుకుంటుంది. తీస్తే హైవే మీద అరగంటైనా నడపండి, లేదంటే ముట్టుకోకండి. పొగను శుద్ధి చేసేందుకు విడి ట్యాంకులో పోసే డెఫ్ ద్రవం 77 ఫారెన్‌హీట్ లోపు ఏడాదిన్నర ఆగుతుంది. 95లో ఆరు నెలలే. మీ ఎండకు ట్యాంకు నింపి వదలకండి.

బ్రేకులకు గాలి నిల్వ ఉంచే ఎయిర్ ట్యాంకుల డ్రెయిన్ తాడు లాగి, వచ్చేదాన్ని చేతిగుడ్డ మీద పట్టి చూడండి. ఉత్త నీళ్ళయితే గాలిలోని చెమ్మ. అది మళ్ళీ మళ్ళీ ఎక్కువగా వస్తుంటే ఆ చెమ్మను పీల్చే డ్రయర్ కార్ట్రిడ్జ్ అయిపోయినట్టు. మజ్జిగలా తెల్లగా, జిడ్డుగా వస్తే కంప్రెసర్ ఆయిల్ వదులుతోంది. కార్ట్రిడ్జ్ ఒక్కటి మార్చితే అది తీరదు.

తర్వాత లీకు పరీక్ష. చక్రాలకు అడ్డు పెట్టి, గాలి నిండాక ఇంజిన్ ఆపి, పార్కింగ్ బ్రేకు వదలండి. నిమిషంలో 2 పీఎస్ఐకి మించి పడకూడదు. పెడల్ గట్టిగా తొక్కి పట్టుకుంటే 3కి మించకూడదు. 60 పీఎస్ఐకి దిగేలోపే హెచ్చరిక మోగాలి. ఇంకా దిగితే 20-45 మధ్య పార్కింగ్ బటన్ దానంతటదే బయటికి తన్నుకొస్తుంది. బ్రేకు వదిలేసి నిలుపుదామంటే ఈ బండిలో కుదరదు, గాలి పోగానే స్ప్రింగ్ బ్రేకులు పడతాయి. నెలల తర్వాత తీసేటప్పుడు షూలు డ్రమ్ముకు అంటుకుని చక్రం ఈడ్చుకుపోతే, ముందుకూ వెనక్కూ మెల్లగా కదిపి విడిపించండి. టైరు అరిగేలా లాగకండి.

టైర్లకు ట్రెడ్ కంటే వయసు ముఖ్యం. పక్కగోడ మీద డాట్ కోడ్ చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం: 3219 అంటే 2019లో 32వ వారం. చక్రం విప్పి బిగిస్తే, హబ్-పైలట్ (చక్రం హబ్ మీద కూర్చునే రకం) నట్లను 450-500 అడుగు-పౌండ్లకు బిగించి, 50-100 మైళ్ళు నడిపాక మళ్ళీ చూడండి.

ప్రశ్న: బ్రేకు తొక్కితే ట్రైలర్ వెనక నుంచి తోస్తోంది. ఇండికేటర్లూ సరిగ్గా వెలగడం లేదు. (పాఠకుడు, ఒహాయో)

జవాబు: రెండింటికీ మూలం ఒకటే: ట్రాక్టర్ భాష వేరు, ఆర్వీ (ఇల్లులాంటి) ట్రైలర్ భాష వేరు. ట్రాక్టర్‌లో ఎయిర్ బ్రేకులు, మీ ట్రైలర్‌లో ఎలక్ట్రిక్ బ్రేకులు. ఎయిర్ లైన్‌లోని ఒత్తిడిని సెన్సర్‌తో చదివి, ఆ మేరకు కరెంటు పంపే కంట్రోలర్ పెట్టించండి. బ్రేకు లైటు వైరుతో మాత్రమే పనిచేసేది పెడితే మెల్లగా తొక్కినా, గట్టిగా తొక్కినా ట్రైలర్‌కు తేడా తెలియదు. ఖాళీ చదును రోడ్డు మీద 20-25 మైళ్ళ వేగంలో, ట్రైలర్ చక్రాలు లాక్ కాబోయే దాకా కరెంటు పెంచి, కాస్త తగ్గించి ఉంచండి. ఇక దీపాలు. ట్రాక్టర్ ప్లగ్గులో బ్రేకుకూ ఇండికేటర్‌కూ వేర్వేరు వైర్లు, ఆర్వీ ప్లగ్గులో రెండూ ఒకే వైరు మీద ఉంటాయి. మధ్యలో కన్వర్టర్ పెట్టకుండా వైర్లు కలిపేస్తే మీరు చెప్పినట్టే అవుతుంది.

ప్రశ్న: హిచ్ ప్లేటుకు గ్రీజు పూయాలా, ప్లాస్టిక్ డిస్కు చాలా? (పాఠకుడు, జార్జియా)

జవాబు: ఏదో ఒకటే, రెండూ కలపకండి. డిస్కు మందం కింగ్‌పిన్‌ను (హిచ్‌లో పడే ట్రైలర్ పిన్నును) ఆ మేర పైకి లేపుతుందని మరవకండి. తగిలించాక టార్చిలైటు వేసి, హిచ్ దవడలు పిన్ను మెడను పట్టాయో, కింది అంచు మీదే ఆగాయో కళ్ళారా చూడండి. రెండు ప్లేట్ల మధ్య వెలుగు కనిపిస్తే విప్పి మళ్ళీ తగిలించాల్సిందే. ట్రైలర్ కాళ్ళు నేల మీదే ఉంచి, ట్రైలర్ బ్రేకు పట్టి, ట్రక్కును ముందుకు ఒక గుంజు గుంజండి. అప్పుడే కాళ్ళు ఎత్తండి.